కర్త లేని వాక్యాలు

నెల్లిమర్ల అనే పేరుని నేను మొదటిసారి అచ్చులో చూసింది సోషల్ పుస్తకంలో, "జతపరచండి" కింద. ఎడమవైపు ఊళ్ళు, కుడివైపు పరిశ్రమలు. నెల్లిమర్ల దగ్గర మొదలైన గీత జనపనార దగ్గర ఆగితే ఒక మార్కు. మాది రామతీర్థం. నెల్లిమర్ల మాకు మండల కేంద్రం. నాన్న ఆ మిల్లులోనే పనిచేసేవాడు, జుట్టులో, కనుబొమల్లో నార నూగుతో ఇంటికొచ్చేవాడు. ఆ మార్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని క్లాసులో గొప్పలు పోయాను.

1994 జనవరిలో అదే మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ రోజు నాన్న బాగా చీకటి పడ్డాక వచ్చాడు. అమ్మ కట్టిచ్చిన క్యారేజీ మూత తియ్యకుండా అలాగే ఉంది. "ఏటయింది?" అని అమ్మ అడిగితే ఒకటే మాటన్నాడు: "కాల్చీసేరు."

ఎవరు అని అమ్మ అడగలేదు. అడగక్కర్లేదు. "కాల్చీసేరు" అన్న మాట చివర "రు" ఉంది చూశారా, అందులో వాళ్ళున్నారు. తెలుగు క్రియకి ఉన్న గొప్ప గుణం ఇది. కర్తని విడిగా చెప్పకపోయినా క్రియ తోకలో చేసినవాడు కూర్చుని ఉంటాడు. ఆడా మగా, ఒకరా పదిమందా, మనమా వాళ్ళా, కనీసం అంత తెలుస్తుంది.

తర్వాత నేను సోషల్ టీచర్నయ్యాను. పదిహేనేళ్ళుగా సోషల్ పుస్తకాలు చదివీ చెప్పీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ తోకని కత్తిరించడం మన పాఠ్యపుస్తకాలకి బాగా వచ్చు. "కాల్చారు" ఉండదు, "కాల్పులు జరిగాయి" ఉంటుంది. "కొట్టుకున్నారు" ఉండదు, "ఘర్షణలు తలెత్తాయి" ఉంటుంది. అల్లర్లు చెలరేగుతాయి, ఎవరూ అంటించని మంటల్లాగ. ఉద్రిక్తత నెలకొంటుంది. సంఘటనలు చోటుచేసుకుంటాయి, బస్సులో సీటు చూసుకున్నట్టు. అన్నీ "యి"తోనో "ది"తోనో ముగుస్తాయి. మనుషులు చేసిన పనులన్నీ వానలా, గాలిలా, వాటంతటవే వచ్చిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ చేసేది "జరుగు" అనే క్రియ. ఇంట్లో దీనికి ఇంకో అర్థం ఉంది కదా. మంచం మీద కూర్చోబోతూ "కాస్త జరుగు" అంటాం. పాఠంలో చేసినవాడు కూడా అదే పని చేస్తాడు. ఎక్కడికీ పోడు, కాస్త పక్కకి జరుగుతాడు.

పాఠ్యపుస్తకాల మీద మామూలుగా వినపడే ఫిర్యాదు ఇది కాదు. "ఫలానాది పెట్టలేదు, ఫలానాది తీసేశారు" అనేది అందరికీ తెలిసిన ఫిర్యాదు. అదీ నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కానీ పెట్టినదాన్ని ఎలా పెట్టారన్నది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లేని పాఠాన్ని పిల్లలు బయట ఎక్కడో వెతుక్కోవచ్చు. చేసినవాళ్ళు లేకుండా పనులు జరుగుతాయని ఏడేళ్ళపాటు వాక్యం తర్వాత వాక్యం నేర్చుకున్న పిల్లకి, వెతకాలన్న ఊహే రాదు.

మీ సోషల్ పుస్తకాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. బ్రిటిష్ వారి దగ్గర ఈ వ్యాకరణం ఉండదు. వాళ్ళు పన్నులు వేశారు, లాఠీలతో కొట్టారు, కాల్చి చంపారు. అన్నీ శుభ్రమైన కర్తరి వాక్యాలు. జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు వాటంతటవి జరగవు. డయ్యర్ ఉంటాడు, పేరుతో సహా. మరి స్వతంత్రం వచ్చాక? కాల్పులు "జరుగుతాయి". 1947 ఆగస్టు 15న జెండాతోపాటు వ్యాకరణం కూడా మారిపోయింది. చేసినవాడు పరాయివాడైతే కర్త, మనవాడైతే పరిస్థితి.

మా వైపు ఉదాహరణ చెప్తాను. మందస జమీందారీలో అడవి మీద హక్కుల కోసం రైతులు నిలబడ్డారు. 1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చారు. నిండు గర్భిణి గున్నమ్మ, ఇంకొందరు చనిపోయారు. వీరగున్నమ్మ అంటాం ఇప్పుడు. ఆమెని స్వాతంత్ర్య సమరయోధురాలని గౌరవించడం బాగానే ఉంది. కానీ ఆ మాట వెయ్యగానే గొడవలోంచి జమీందారు తప్పుకుంటాడు. అడవి, కలప, రాజుగారి మనుషులు అన్నీ పోయి, ఒకవైపు తెల్లవాళ్ళు, ఒకవైపు భారతమాత మిగులుతారు. తన ఊరి కంచె దగ్గర నిలబడ్డ మనిషిని దేశం సరిహద్దు మీదికి తీసుకెళ్ళి నిలబెట్టడం అది.

అల్లూరి సీతారామరాజు లేని సోషల్ పుస్తకం నేను చూడలేదు. 1922 నుంచి 1924 దాకా మన్యం, పోలీసు స్టేషన్లు, తుపాకులు, అన్నీ ఉంటాయి. ఉండాల్సిందే. నలభై ఐదేళ్ళు ముందుకి రండి. 1967 అక్టోబర్ 31న, మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ళని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకుని కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ గిరిజన ఉద్యమం అక్కడినుంచి సాయుధ పోరాటంలోకి మళ్ళింది. అంతకుముందు దాదాపు దశాబ్దం పాటు వాళ్ళడిగినవి చూస్తే చాలా మామూలు కోరికలు: తాకట్టులో పోయిన భూములు, వెట్టి మానిపించడం, పాలేర్లకి జీతం, అడవి సరుక్కి ధర. వాళ్ళని కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. 1970 జులైలో ఇద్దరూ "ఎన్‌కౌంటర్‌లో మరణించారు". ఎన్‌కౌంటర్ కూడా చూడండి, ఎంత చక్కటి కర్త లేని మాటో.

వాళ్ళ దారి సరైందా కాదా అని వాదించుకోవచ్చు. మా స్టాఫ్‌రూంలోనే రెండు పక్షాలున్నాయి. కానీ వాదించుకోడానికి ముందు ఆ వాక్యం పుస్తకంలో ఉండాలి కదా. నేను చదివిన, చెప్పిన ఏ స్కూలు పుస్తకంలోనూ లేవిడి కనపడలేదు.

కనపడేది ఇంకొకటుంది, అదే నాకు తమాషా. 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959 నాటి నిబంధనని 1970లో గట్టిపరిచారు. పోటీ పరీక్షలకి చదివే మా తమ్ముడి నోట్సులో ఇది "గిరిజన సంక్షేమానికి ప్రభుత్వం తీసుకున్న చర్యలు" కింద ఉంది. 1970లోనే ఎందుకు తీసుకుంది? కొండల్లో ఏమవుతోంది అప్పుడు? అది లేదు. గొడవని తీసేసి, గొడవ వల్ల వచ్చిన ఫలితాన్ని మాత్రం ప్రభుత్వం దయ కింద జమకట్టడం. ఇలా చదువుకున్నవాడు రేపు డిప్యూటీ తాసీల్దారై కొండకెళ్తే, అక్కడివాళ్ళు ఎందుకంత పట్టుదలగా ఆ చట్టం అంకె చెప్తారో అతనికెలా అర్థమవుతుంది?

అన్ని పుస్తకాలూ ఒకటే అంటే అన్యాయం. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కొత్తగా రాయించిన సోషల్ పుస్తకాలు, 2014 నాటికి పదో తరగతి దాకా వచ్చినవి, నేను చూసినవాటిలో మంచివి. ఎనిమిదిలో జమీందారీ రద్దు మీద పాఠం ఉండేది. పదిలో మన కాలపు సామాజిక ఉద్యమాల మీద ఒక పాఠం ఉండేది. అందులో నర్మద ఉంది, మణిపూర్ ఆడవాళ్ళున్నారు. పిల్లలు ప్రశ్నలు అడిగేవారు. టీచర్లు మాత్రం విసుక్కునేవారు, "ఇందులో బిట్లు దొరకవండీ" అని. బిట్టు అంటే ఏమిటి మరి? కర్త, కాలం, కారణం ఊడబీకాక మిగిలిన ఎముక.

తర్వాత మన రాష్ట్రం మెల్లగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకి మారింది. 2022లో ఎనిమిదో తరగతి, మరుసటేడు తొమ్మిది, ఆ పైన పది. సరిగ్గా ఆ 2022లోనే ఢిల్లీలో "భారం తగ్గింపు" పేరుతో ఆ పుస్తకాల్లోంచి పాఠాలు తీసేశారు. ఏడులో "సమానత్వం కోసం పోరాటాలు" పోయింది. తవా ఆనకట్ట కింద చేపల హక్కు కోసం నిలబడ్డ మత్స్యకారుల కథ అది. పదిలో ప్రజా పోరాటాలు, ఉద్యమాల పాఠం పోయింది. పన్నెండులో ప్రజా ఉద్యమాల అధ్యాయం పోయింది. దానితోపాటు పోయినవాళ్ళలో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

దూబగుంట దగ్గర కాసేపు ఆగాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో కూలి ఆడవాళ్ళు వాచకం చదివేవారు. దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ సంగతి తర్వాతి వాచకంలో పాఠమైంది. వేరే ఊళ్ళ ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, "వాళ్ళు చేసింది మనం చెయ్యలేమా" అని తమ ఊళ్ళో సారా బళ్ళని ఆపారు. సారా కాంట్రాక్టర్లకి ఆ పాఠం మింగుడు పడలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక ఊరి పేరు, అక్కడివాళ్ళు ఎవరితో తలపడ్డారు, ఏం చేశారు, ఇంతే ఆ పాఠం. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవాళ్ళు చదివిన వాచకం, డిగ్రీలున్న మా పుస్తకాలకన్నా ధైర్యంగా ఉంది. పాఠ్యపుస్తకంలో పోరాటాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుందని ఎవరైనా అడిగితే నేనిదే చెప్తాను. ఆ పుస్తకాలు రాయించేవాళ్ళకి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది, అదే వాళ్ళ భయమేమో.

మిగిలిన పాఠాల్లో నేను రెండు ఊళ్ళు చెప్తాను. తొమ్మిదిలో పాలంపూర్, ఎనిమిదిలో జక్మల్‌గూర్. రెండూ ఊహాగ్రామాలే.

పాలంపూర్ కథ పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఒక నిజమైన ఊరి మీద జరిగిన అధ్యయనం ఆధారంగా అల్లింది. 450 కుటుంబాలు, అందులో 80 అగ్రకులాలవి, భూమి ఎక్కువ వాళ్ళదే. ఊళ్ళో మూడోవంతు దళితులు, ఒక మూల చిన్న ఇళ్ళలో. దాలా, రామ్‌కలి అనే కూలీలకి ప్రభుత్వం చెప్పిన కనీస కూలి కూడా రాదు. ఇవన్నీ పుస్తకమే దాచకుండా చెప్తుంది. కానీ ఆ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ గొడవ పడరు. కూలి ఎందుకు తక్కువ అంటే, పనికి పోటీ ఎక్కువ కాబట్టి. అంటే కూలి ఇచ్చే మనిషి ఇక్కడా పక్కకి జరిగాడు, ఆ జాగాలో పోటీ కూర్చుంది. చదివినప్పుడల్లా నాకు అనుమానం, ఇన్నేళ్ళలో దాలా ఒక్కసారైనా "ఈ కూలికి రాను" అని ఇంట్లో కూర్చోలేదా?

జక్మల్‌గూర్ పాఠం అంత పిరికిది కాదు. రత్నం ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. పండగలో పూజారుల కాళ్ళు కడిగి ఆ నీళ్ళతో స్నానం చేసే ఆచారం వాళ్ళ ఇంటిది. తాత చేశాడు, నాన్న చేశాడు, నేను చెయ్యనంటాడు. ఊరు వెలేస్తుంది. ఇల్లు తగలబెడతారు. తల్లితో తప్పించుకుని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడతాడు. దక్షిణ భారతంలో దళితులు హక్కులడిగితే బలమైన కులాలు హింసకి దిగాయని కూడా అక్కడే ఉంది. ఇక్కడ కర్త ఉన్నాడు, ఒప్పుకోవాలి. లేనిది ఊరు. ఆ చట్టం వెనక 1985 జులై 17 నాటి కారంచేడు ఉంది. చట్టం వచ్చిన రెండేళ్ళకి, 1991 ఆగస్టు 6న, చుండూరు ఉంది. పాఠంలో రెండూ లేవు.

ఈ పాఠం చెప్పినప్పుడు ముందు బెంచీ అబ్బాయి అడిగాడు, "టీచర్, జక్మల్‌గూర్ ఏ జిల్లా?" ఊహాగ్రామం అన్నాను. "ఐతే ఇది నిజంగా అవలేదా?" అన్నాడు, కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకుని. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, వాళ్ళ అమ్మమ్మ గారిది వంగర వైపు, "మా వైపు అయింది టీచర్" అంది.

వంగర మండలం లక్ష్మీపేట. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి మా విజయనగరం జిల్లాయే. మడ్డువలస ప్రాజెక్టు కోసం ప్రభుత్వం తీసుకున్న భూముల్లో కొంత మునగకుండా మిగిలింది. దాన్ని దళితులు సాగు చేసుకోవడం ఊళ్ళో తూర్పు కాపులకి నచ్చలేదు. 2012 జూన్ 12 పొద్దున్న వాళ్ళలో కొందరు దాడి చేసి ఐదుగురు దళితులని చంపారు. జూన్ 12 అంటే ఏమిటో ఆంధ్రలో బడికెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. వేసవి సెలవుల తర్వాత మామూలుగా బడి తెరిచే రోజు, కొత్త పుస్తకాల రోజు.

నేను ఇంతే చెప్పాను, ఇక్కడ రాసినంతే. రెండు కులాల పిల్లలూ నా క్లాసులో ఉన్నారు. అందుకే "కొందరు" అన్న మాటని బోర్డు మీద రాసి, దాని కింద గీత గీశాను. కర్తని చెప్పడమంటే ఒక కులాన్ని మొత్తంగా బోనెక్కించడం కాదు, ఎంతమందో, ఎవరో, అంతవరకే చెప్పడం. మూడో రోజు ఒక తండ్రి వచ్చి ప్రిన్సిపాల్ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మేడం, ఆ ఊరు సిలబస్‌లో ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "ఉన్న ఊరు చెప్పండి చాలు" అన్నారు. ఉన్న ఊరంటే లేని ఊరని ఆయనకి తట్టలేదు. నాకు నవ్వొచ్చింది గానీ నెలాఖరు, జీతం రావాల్సి ఉంది.

ఊహాగ్రామం కావడమే తప్పు అనను. మా పక్కవాళ్ళే ఊహాగ్రామాన్ని పెట్టి ఏం చెయ్యొచ్చో చూపించారు. కారా మాస్టారు "యజ్ఞం" జరిగే సుందరపాలెం మ్యాపులో దొరకదు. ఆయనా బడిపంతులే, విశాఖలో లెక్కల మాస్టారు. ఒక అప్పు, ఒక పంచాయితీ, ఒక మంచి పెద్దమనిషి. మంచితనం, రూలు, న్యాయం అన్నీ సక్రమంగా పనిచేసి ఒక కుటుంబాన్ని బానిసత్వం దాకా ఎలా నెడతాయో లెక్క చేసినట్టు చూపిస్తాడు. చివర సీతారాముడు తన పసివాణ్ణే చంపేసినప్పుడు, ఎవరు చంపారన్న ప్రశ్నకి ఒక్క పేరు చెప్పి తప్పించుకోలేం. ఇంటర్‌లో లైబ్రరీ నుంచి తెచ్చి చదివాను. ఏడేళ్ళ సోషల్ ఇవ్వనిది ఒక కథ ఇచ్చింది. ఊరు లేదు, కానీ ప్రతి పనికీ చేసినవాడున్నాడు. జక్మల్‌గూర్‌కీ సుందరపాలేనికీ తేడా అదే. ఒకటి చదివితే "మా ఊరు కాదు" అనిపిస్తుంది, ఇంకోటి చదివితే "మా ఊరే" అనిపిస్తుంది.

"పిల్లలకి ఈ గొడవలన్నీ ఎందుకండీ, పసి మనసులు" అంటారు. మా ఊరి సంగతి చెప్పాలి ఇక్కడ. 2020 డిసెంబర్ 29న రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల లేకుండా కనపడింది. నాలుగు రోజులకి, జనవరి 2న, అధికార పక్షం నాయకుడూ ప్రతిపక్ష నాయకుడూ ఒకే రోజు మా కొండకి వచ్చారు. పోలీసులు, కెమెరాలు, రాళ్ళు, చెప్పులు. అంతకుముందు రామతీర్థం అంటే "ఎక్కడ?" అనేవాళ్ళు, ఆ వారంలో రాష్ట్రమంతటికీ తెలిసిపోయింది.

నా పిల్లల ఫోన్లలో అప్పుడు వచ్చిన వాక్యాలకి కర్త లేకపోవడం అన్న సమస్యే లేదు. వంద కర్తలున్నారు. ఫలానా మతంవాళ్ళు చేశారు, ఫలానా పార్టీవాళ్ళు చేశారు, వాళ్ళే చేసి వీళ్ళ మీద పెట్టారు. ఒక్కదానికీ ఆధారం లేదు. నా క్లాసులో ఎవరికీ "నీకెలా తెలుసు?" అని అడగాలనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? పుస్తకంలో చేసినవాడే ఉండడు కాబట్టి, చేసినవాడు ఎవరో తేల్చడం ఎలాగో వాళ్ళు ఎప్పుడూ సాధన చెయ్యలేదు. పుస్తకం ఖాళీగా వదిలిన జాగాలోకి ఫోను దూరింది. పసి మనసుల్ని కాపాడామనుకున్నాం.

మా వైపు కొండల మీద ఇంకో వాక్యం కూడా ఉంది. గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. పక్క కొండల్లో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించాడు. బౌద్ధులు, జైనులు, కింద రాముడి గుడి. దీనికి పుస్తకంలో ఉన్న మాట: "కాలక్రమంలో బౌద్ధం క్షీణించింది." దీపంలో నూనె అయిపోయినట్టు. ఒకసారి పిల్లల్ని ఆ కొండ ఎక్కించి, అక్కడ కూర్చోబెట్టి ఈ వాక్యం చదివించాను. "ఇక్కడున్న సన్యాసులు ఎక్కడికెళ్ళిపోనారు టీచర్?" అన్నాడొకడు. దానికి ఒకే జవాబు లేదు. దానాలిచ్చే వర్తకులు తగ్గారా, రాజులు వేరే దేవుళ్ళ వైపు మళ్ళారా, ఎవరైనా వెళ్ళగొట్టారా, వాళ్ళే కిందికి దిగి ఊళ్ళో కలిసిపోయారా, అని నాలుగు దారులు చెప్పి, ఏది కావాలన్నా ఆధారం చూపించాలన్నాను. బువ్వ తినే టైము దాకా కొట్టుకున్నారు.

ప్రిన్సిపాల్ మాట తర్వాత నేను సోషల్ పీరియడ్‌లో కొత్త ఊళ్ళు తేవడం మానేశాను. కానీ తెలుగు పుస్తకంలో కర్తరి, కర్మణి వాక్యాలున్నాయి. అది సిలబస్. మా తెలుగు మాస్టారు మోకాళ్ళ నొప్పులతో శుక్రవారం ఆఖరి పీరియడ్ నాకు వదిలేస్తారు. ఆయన అనుమతితోనే ఒక అభ్యాసం మొదలుపెట్టాను. సోషల్ పుస్తకంలోంచి, పేపర్లోంచి ఐదు వాక్యాలు. ప్రతిదానికీ కర్తని పెట్టి తిరగరాయాలి. కర్త ఎవరో తెలియకపోతే "తెలీదు" అని రాయాలి, ఊహించి రాస్తే మార్కు కట్. "తెలీదు"కి కూడా పూర్తి మార్కు. ఈ రూలు విని మొదట నమ్మలేదు పిల్లలు.

మొదటి వారమే ఒకడు చెయ్యెత్తాడు. "'బౌద్ధం క్షీణించింది'కి కర్త బౌద్ధమే కదా టీచర్?" వ్యాకరణం ప్రకారం వాడు చెప్పిందే రైటు. తెలుగు మాస్టారుతో చెప్తే ఆయన పడీపడీ నవ్వి, "వాడికి నా పీరియడ్ మొత్తం ఇచ్చెయ్యండి" అన్నారు.

పోయిన నెల ఆరో వాక్యం వాళ్ళనే తెచ్చుకోమన్నాను. మీ వీధిలో, మీ ఊళ్ళో పెద్దవాళ్ళు "జరిగింది" అని చెప్పేది ఏదైనా ఒకటి. ముప్పై నాలుగు కాగితాలొచ్చాయి. చెరువు గట్టు తెగింది. అమ్మవారి పండగలో గొడవయింది. శ్మశానానికి దారి పోయింది. కొంతమంది కర్తని పెట్టారు. చాలామంది "తెలీదు" అని రాశారు. ఇద్దరు "తెలుసు కానీ రాయను" అని రాశారు, వాళ్ళకీ మార్కు వేశాను.

ఒకమ్మాయి కాగితంలో మొదటి వాక్యం: "బోరింగు దగ్గర గొడవ జరిగింది." దాని కింద, కొట్టేసి మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి, చివరికి బాల్‌పెన్ను ఒత్తి రాసిన వాక్యం: "మా పెదనాన్న వాళ్ళని బోరింగు ముట్టుకోనివ్వలేదు."

కాగితాలు తిరిగిచ్చేటప్పుడు ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరే నిలబడిపోయింది. మా స్కూల్లో దిద్దిన ప్రతి కాగితం మీదా ఇంట్లో సంతకం పెట్టించుకురావాలి. "దీనికి కూడా సంతకం తేవాలా టీచర్?" అంది. అక్కర్లేదని చెప్పి, కాగితం వెనక్కి తీసుకుని నా బ్యాగులో పెట్టుకున్నాను.